గీత దగ్గర ఆగిన కోడి

ఎంకమ్మ ఫోన్లో ఆట ఆడుతూ తిట్టే తిట్లు విని, చేపలకు వచ్చిన కొత్తవాళ్ళు తమనే అంటోందనుకుని రెండడుగులు వెనక్కి వేస్తారు.

"గుంపుల దూరకురా సచ్చినోడా! అందరు ఉరికే కాడ నువ్వు ఉరికితె బురదల పడక ఏడ పడ్తవ్?"

ఆ సచ్చినోడు ఏ ఊళ్ళో ఉన్నాడో, ఏ దేశంలో ఉన్నాడో దేవుడికే తెలియాలి. వాడికి ఈ తిట్లు వినబడవు. అది చిన్నపిల్లలు, ఇంటిల్లిపాదీ ఆడుకునే ఆట కాబట్టి అందులో మాట్లాడుకునే వీలే పెట్టలేదు. ఆ సంగతి నేను ఎన్నిసార్లు చెప్పినా ఎంకమ్మది ఒకటే జవాబు. "వాడు ఇనకుంటె ఏంది? నేను అన్లేదా?"

నా పేరు నవత. ఇబ్రహీంపట్నంలో చేపల గల్లీ మొదట్లో నాది సెల్‌ఫోన్ల రిపేరు షాపు. నా షట్టరు పక్కనే ఒక చెక్క మొద్దు, కత్తి, తడిపిన గోనెపట్టా. అదే ఎంకమ్మ దుకాణం. పెద్ద చెరువులో పట్టిన బొచ్చ, రవ్వ చేపలు పొద్దున తట్టలో వస్తాయి, మధ్యాహ్నానికల్లా అయిపోతాయి. ఆ తర్వాత ఆమె చేతులు కడుక్కుని, పొడిగుడ్డతో రెండు సార్లు తుడుచుకుని, ఫోను తీస్తుంది. చేతికి చేప జిగట ఉంటే బొమ్మ ఒకవైపు పొమ్మంటే ఇంకోవైపు పోతుందని ఆమెకు మొదటి రోజే తెలిసింది. తెలియకముందు ఫోనును గోడకేసి కొట్టబోయింది. నేనే పట్టుకున్నాను.

ఆటకు ఇంగ్లీషులో ఏదో పేరుంది. ఎంకమ్మ దాన్ని ఉరుకుడాట అంటుంది. బుడ్డ బుడ్డ బొమ్మలు ఓ గుంపుగా ఒకచోట నిలబడతాయి. గంట కొట్టగానే ఉరుకుతాయి. దారిలో ఊగే సుత్తెలు, దొర్లే మొద్దులు, కాలు పెడితే మాయమయ్యే పలకలు, జారుడు బండలు. పడితే రక్తం లేదు, దెబ్బ లేదు. బొమ్మ కిచకిచ నవ్వి మళ్ళీ లేస్తుంది. చివర ఒక గీత ఉంటుంది. ముందుగా దాటిన కొందరికే తర్వాతి ఆటలో జాగా, మిగతావాళ్ళు ఔటు. ఔటైనవాళ్ళు బయటినుంచి చూడొచ్చు గానీ చెయ్యి ఊపడానికి కూడా ఉండదు.

ఎంకమ్మ బొమ్మ పచ్చ కప్ప. ఆమె మనవరాలు శ్రీనిత బొమ్మ గులాబీ రంగు కోడి. ఈ ఆట నేర్పింది ఆ పిల్లే. బడి లేని రోజు మొద్దు పక్కన కూర్చుని, "అవ్వా, దుంకు! ఇప్పుడు దుంకు!" అని అరిచేది. ఎంకమ్మ దుమికే లోపల కోడి వెనకనుంచి వచ్చి కప్పను నూకేది. కప్ప బురదలో పడేది. అవ్వా మనవరాలూ ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ నవ్వేవాళ్ళు.

తర్వాత ఆ నవ్వు పోయింది. పోగొట్టినవాడు ఎంకమ్మ కొడుకు క్రాంతికుమార్.

క్రాంతికుమార్ తుర్కయాంజాల్ నుంచి ఎల్బీనగర్ దాకా షేర్ ఆటో తోలుతాడు. ఫోను అద్దం మీద చిన్న గీత పడితే నా షాపు ముందు గంటసేపు ఏడ్చే మనిషి. అతని భార్య రమ శేరిగూడలో ఒక కాలేజీ హాస్టలు వంటింట్లో పనికి కుదిరింది. ఒకరోజు బస్సు దొరక్క ఆలస్యంగా వచ్చింది. అంతే. చెంప మీద కొట్టాడు, జుట్టు పట్టి గుంజాడు. మరునాడు రమ పిల్లను తీసుకుని కోహెడలో తల్లిగారింటికి పోయింది.

కులం పెద్దలు కూర్చున్నారు. పెద్దమనిషి మల్లేశయ్య ఎంకమ్మనే అడిగాడు. "నీ కొడుకు కొట్టంగ నువ్వు చూసినవా?"

ఎంకమ్మ తల వంచుకుని, "నేను చూడలే" అంది.

నేను అక్కడే ఉన్నాను. నా ఒళ్ళు మండిపోయింది. చూసిందని నాకు తెలుసు, ఆ రాత్రే నాకు చెప్పుకుని ఏడ్చింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని పెద్దలు ఊరికే అనలేదు, నిజమే. కానీ ఆ సామెత ఎప్పుడూ కొట్టినవాడికే పనికొస్తుంది, దెబ్బ తిన్నదానికి ఎప్పుడు పనికొచ్చింది? రమ ఏడవలేదు. అత్త ముఖం వంక ఒక్కసారి చూసి, పిల్ల చెయ్యి పట్టుకుని లేచింది. ఆ చూపు నాకింకా గుర్తుంది.

పెద్దలు తీర్పు చెప్పారు. సాక్ష్యం లేదు కాబట్టి తప్పెవరిదో తేలదు. తేలేదాకా రెండు ఇళ్ళ నడుమ మాట బంద్. ఫోను లేదు, కబురు లేదు, ఎదురుపడితే పలకరింపు లేదు. మా దగ్గర ఇది పాత పద్ధతి. మాట తప్పినవాళ్ళ తట్టలో చెరువు చేప పడదు. ఎవరి తట్ట ముందు నిండాలో చెప్పేది మల్లేశయ్యే కాబట్టి ఆయన మాటకు అంత బరువు.

మనవరాలి గొంతు వినక ఎంకమ్మ ఎండిపోసాగింది. కొనేవాళ్ళ మీద అరిచేది, కత్తి మీద అరిచేది, చచ్చిన చేపల మీద కూడా అరిచేది. అలాంటిది ఒక సాయంత్రం, బడి వదిలే వేళకు, ఆమె ఫోను టింగుమంది. తెర మీద గులాబీ కోడి చెయ్యి ఊపుతోంది. ఆటకు రమ్మని పిలుస్తోంది.

ఎంకమ్మ నా షాపులోకి ఉరికొచ్చింది. "నవతా, గిది మాట కిందికి వస్తదా?"

"మాట బంద్ అన్నరు పెద్దమ్మా. ఆట గురించి ఎవ్వరు అన్లే."

"అన్లే గదా! నువ్వు సాక్ష్యం!" అని అక్కడే నేల మీద కూలబడి ఆట తెరిచింది.

అప్పటినుంచి అదే వేళకు కోడీ కప్పా కలిసి ఉరకడం. కానీ ఎంకమ్మకు ఆట రాదు. మొదటి సుత్తెకే ఎగిరిపడేది. ఔటయ్యేది. కోడి ఒక్కటే ముందుకు పోతుంటే చూస్తూ కూర్చునేది. మొదటి ఆటలోనే పోతే మనవరాలితో ఉండేది ఆ కాసేపే. రెండో ఆటకు పోగలిగితే ఇంకాసేపు. చివరి ఆటదాకా పోతే రమ ఫోను లాక్కునేదాకా ఇద్దరూ ఒక్కచోట. ఎంకమ్మ ఆట నేర్చుకున్నది గెలుపు కోసం కాదు, ఆ ఇంకాసేపు కోసం. కోపంతో నేర్చుకుంది. ఆమె ఏది నేర్చుకున్నా అంతే.

ఇప్పుడు గల్లీ పిల్లలు, ఫోన్లు బాగుచేయించుకోవడానికి శేరిగూడ నుంచి వచ్చే కాలేజీ పిల్లలు ఆమె మొద్దు చుట్టూ చేరి ఉపాయాలు అడుగుతారు. ఆమె చెబుతుంది, తిట్టకుండా మాత్రం చెప్పదు.

"గంట కొట్టంగనే ఎగబడకురా, ముంగట పోయినోనికి దారి తెల్వది. జర ఎన్కకు ఉండు, అంచు పొంటి పో. సుత్తె ఊగుతాంటె సుత్తెకు ఎదురు పోకు. అది నిన్ను దాటి పోనియ్, దాని ఎన్కనే ఉరుకు. మళ్ళ వచ్చెటాళ్లకు నువ్వు అవతల ఉంటవ్."

"మరి తలుపులు, అవ్వా? ఏది తెరుచుకుంటదో ఏది గోడనో ఎట్ల తెలుస్తది?"

"నీకెందుకురా? ముంగటోడు తలకాయ గుద్దుకోని చెప్తడు. నువ్వు నిలబడి చూడు."

మాయమయ్యే పలకల మీద ఉరకవద్దంటుంది, ఉరికితే నీ తిండి నువ్వే పారబోసుకున్నట్టంటుంది. ఒక్కో పలక మీద ఒక్కో చిన్న దూకు, ఓపికగా. ఆమె నోట ఓపిక అనే మాట విని నేను చాలాసేపు నవ్వాను, చేప తోక విసిరింది నా మీద. దుమికాక గాల్లో ఉండగానే బోర్లా పడితే ఇంకొంచెం దూరం పోతావట, జారుడు బండ మీద మాత్రం బోర్లా పడకూడదట, జారుతూ మొదటికి వస్తావట. పడ్డాక కోపంతో బటన్లు పొడవకూడదు, బొమ్మ లేచేదాకా ఆగాలి. ఇది మాత్రం ఆమెకే ఇప్పటికీ చేతకాదు.

అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఒకటుంది. "గీత కాడ ఆగకు. దోస్తు ఎన్క ఉన్నడని చూడకు. నువ్వు దాటు, వాడు వస్తడు. ఇద్దరు ఆగితె ఇద్దరు ఔటే." మనవరాలికి ముందుగా నేర్పాలనుకున్న మాట అదే, ఎందుకంటే ఆ పిల్ల కప్ప కోసం గీత దగ్గర గెంతుతూ ఆగేది. మాటల్లేవు కాబట్టి కప్పను గీత దాటించి, అవతల నిలబడి చెయ్యి ఊపి, రా రా అని బొమ్మలతోనే నేర్పింది. తర్వాత కోడి ఎన్నడూ ఆగలేదు. కప్ప అడ్డమొస్తే నూకేసి మరీ దాటేది.

అలా సాగుతుండగా, మొన్నటి వానల్లో, కోడి వింతగా ఆడసాగింది.

ఆడటం చేతకాక కాదు. సుత్తెలు తప్పించుకుంటోంది, పలకల మీద నెమ్మదిగానే పోతోంది. కానీ కప్పను నూకదు. సన్నటి వంతెన దగ్గర కప్ప వస్తే పక్కకు జరిగి నిలబడుతుంది. కప్ప దాటాకే కదులుతుంది. చివరికి గీత ముందు ఆగింది. వెనక నుంచి జనం దూసుకుపోతున్నారు. కప్ప వచ్చి దాటింది. ఆఖరి జాగా కప్పతో నిండిపోయింది. కోడి ఔటు.

"దీని నోట్ల మన్నువడ! ఏం నేర్పిన నేను? గీత కాడ ఆగకు అంటిగదనే!" ఎంకమ్మ గల్లీ అదిరేలా అరిచింది. ఇంకో ఆట మొదలుపెట్టింది. మళ్ళీ అదే. మళ్ళీ గీత ముందు కోడి ఒదిగి నిలబడింది. కప్ప దాటేదాకా కదల్లేదు.

"నెట్ సరిగ రాట్లేదేమో పెద్దమ్మా" అన్నాను.

ఎంకమ్మ ఫోనును మొద్దు మీద పెట్టి దాన్నే చూస్తోంది.

"గిది పోరి కాదు" అంది చివరికి. "గిది రమ."

"రమనా? ఆమెందుకు ఆడ్తది?"

"పోరి నన్ను నూకుకుంట పోతది. గట్ల పక్కకు జరిగేది రమ. లగ్గమై వచ్చిన కాడికెల్లి చూస్తున్న. నేను కడప దాటెదాక బయటనే నిలబడ్తది. నేను తినెదాక గిన్నె ముట్టది. నేను కూసోకుంటె కూసోది. ఆటల గూడ నా ముంగట నడుస్తలేదే నవతా!"

వెంటనే ఆమెకు ఒక భయం పట్టుకుంది. "పోరికి ఏమైంది? పోరి ఎందుకు ఆడ్తలేదు?" ఫోను చెయ్యడానికి లేదు. ఆటలో చిన్న చిన్న ముఖాలుంటాయి, నవ్వేది, ఏడ్చేది, నిద్రపోయేది. ఎంకమ్మ ఏడ్చే ముఖం నొక్కింది. కాసేపటికి కోడి నెత్తి మీద నిద్రపోయే ముఖం వచ్చింది. మళ్ళీ అదే వచ్చింది.

"జరమొచ్చి పండుకున్నది" అంది ఎంకమ్మ. "అవ్వ చూస్తాంటది, నువ్వు ఆడు అని పోరే చెప్పి ఉంటది. లేకుంటె నేను ఫికర్ చేస్తనని రమనే..."

నాకు కోపమొచ్చింది, అనేశాను. "నువ్వు పదిమందిల చూడలే అన్నవ్. ఆమె నువ్వు ఎదురుచూస్తవని ఆట ఆడుతాంది. సిగ్గు లేదా పెద్దమ్మా?"

కత్తి తీసి విసురుతుందనుకున్నాను. విసర్లేదు. ఇంకో ఆట మొదలుపెట్టింది. ఈసారి అందరికంటే ముందు పోయి గీత ముందు కప్పను ఆపింది. కోడి వచ్చి ఆగింది. కప్ప పక్కకు జరిగి దారి ఇచ్చింది. కోడి కూడా పక్కకు జరిగింది. ఇద్దరి మధ్యలోంచి లోకంలోని పిల్లలందరూ కేరింతలు కొడుతూ దాటిపోతున్నారు.

"పో! పోవే! నీ కాళ్ళు మొక్కుత, ఒక్కసారి ముంగట పో!" ఎంకమ్మ ఫోనును రెండు చేతులతో ఊపేస్తూ అరుస్తోంది. జాగాలు నిండిపోయాయి. కోడీ ఔటు, కప్పా ఔటు.

ఎంకమ్మ లేచింది. గోనెపట్టా కూడా చుట్టలేదు. "షట్టరు దించు. బండి తియ్" అంది నాతో.

చెరువు కట్ట కింద రేకుల షెడ్డులో మల్లేశయ్య, ఇంకొందరు పెద్దలు వలలు బాగుచేయిస్తూ కూర్చున్నారు. నా స్కూటీ ఆగకముందే ఎంకమ్మ దిగింది.

"మల్లేశన్నా, ఆనాడు అడిగినవ్ గదా, చూసినవా అని. చూసిన. చెంప మీద కొట్టిండు. జుట్టు వట్టి గుంజిండు. నేను అన్నం తినుకుంట చూసిన. చెయ్యి కడుక్కోని లేవలే గూడ."

మల్లేశయ్య చేతిలోని వల కింద పెట్టాడు. "గిప్పుడు గదెందుకు తవ్వుడు ఎంకమ్మా? నిమ్మళంగ మళ్ళొక్కసారి కూసుందాం. కొడుకు ఇజ్జత్ నలుగురిల తీస్తవా?"

"వాని ఇజ్జత్ దాసింది నేనే. నేనే తీస్త. మీకు సాక్ష్యం గావాలె అన్నరు, సాక్ష్యం నేను. ఇగ మాట బంద్ లేదు."

"పెట్టింది మేము. ఎత్తేది గూడ మేమే. తప్పితె చెరువు చేప నీ తట్టల పడదు, చెప్తున్న."

"పడకుంటె కోళ్ళు కోస్త! కత్తి నాది, మొద్దు నాది. నీ చేపలకు దండం!"

నేను ఎంకమ్మ తిట్లు రోజూ వింటాను. కానీ ఆ రోజు విన్నవి వేరు. ఆ షెడ్డులో ఒక్క మగాడు కూడా తల ఎత్తలేదు. ఎత్తకపోవడం చూసి నాకు ఇంకా కోపం వచ్చింది. పంచాయితీ నాడు రమ ఎదురుగా ఉన్నప్పుడు ఇందరూ తలలు ఎత్తుకునే ఉన్నారు కదా.

క్రాంతికుమార్ ఆటో ఇంటి ముందే ఉంది. ఎంకమ్మ అతని చేతిలోని తాళాల గుత్తి గుంజుకుని ఇంటి తాళంచెవి విప్పేసింది.

"కోడలి కోసం కొడుకును ఎల్లగొడ్తవా అమ్మా?"

"కొడుకును కాదురా, కొట్టేటోన్ని. ఇల్లు నా పేరు మీదున్నది. చెయ్యి లేపేటోనికి గీ ఇంట్ల అన్నం లేదు. నీ ఆటోల పండు."

అతను నా వైపు చూశాడు, సర్దిచెబుతానని కాబోలు. నేను స్కూటీ హారన్ కొట్టాను.

కోహెడ చేరేసరికి ఇంకా వెలుతురుంది. అక్కడ పండ్ల మార్కెట్ వస్తుందని ఎక్కడ చూసినా ప్లాట్ల బోర్డులే. రమ వాకిట్లో పిల్ల బట్టలు ఆరేస్తోంది. మమ్మల్ని చూసి చేతిలో గౌను అలాగే పట్టుకుని నిలబడింది.

"చెప్పి వచ్చిన" అంది ఎంకమ్మ. "అందరి ముంగట చెప్పిన, కొట్టంగ చూసిన అని."

రమ నోరు విప్పింది, విప్పాక ఆగలేదు. "ఆనాడు లేని కండ్లు ఇయ్యాల వచ్చినయా? నువ్వొక్కదానివి అవ్ అంటె సాలు అనుకున్న. ఎవ్వరు అనకున్నా నువ్వు అంటవనుకున్న. నా మొకం గూడ చూడకపోతివి. అబద్ధాలాడి ఇల్లిడిసిందని ఊరంత అన్నది నన్ను! నేను ఆ ఇంటికి రాను."

"రమ్మని ఎవలన్నరే? వాన్ని ఎల్లగొట్టిన. గిదిగో తాళంచెవి. వస్తవో రావో నీ ఇష్టం, నీ పనికి నువ్వు పో, నేనడ్డం రాను. పోరిని ఒక్కసారి చూసి పోత."

"ఇచ్చి పోతె అయిపాయెనా? నా జుట్టు గుంజిన చెయ్యి నాకింకా యాదికున్నది. నువ్వు అన్నం తినుకుంట చూసింది గూడ యాదికున్నది!" రమ కళ్ళు తుడుచుకుంటూ, అంటూనే, తలుపు వైపు నడిచింది. గడప దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగింది. కొంగు సర్దుకుని పక్కకు జరిగి, అత్త లోపలికి పోవడానికి దారి ఇచ్చి నిలబడింది.

ఎంకమ్మకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. "తిట్టుకుంటనే దారి ఇస్తవేందే! నీకు కోపమన్న పూరాగ రాదా? ముంగట నడువ్!"

"నువ్వు పో అత్తమ్మా."

"నేను పోను."

"నేనెట్ల పోత? నువ్వే పో."

గడపకు అటొకరు ఇటొకరు, కదలకుండా నిలబడ్డారు. లోపల మంచం మీద దుప్పటి కదిలింది. జ్వరంతో బొంగురుపోయిన గొంతు, కానీ గట్టిగానే వినిపించింది.

"అవ్వా! అమ్మా! గట్ల నిలబడితె ఇద్దరు ఔటైతరు!"

ఎంకమ్మ చేతులు ఎంత కడుక్కున్నా ఇంకా చేపల వాసన వస్తూనే ఉంది. ఆ రెండు చేతులూ కోడలి వీపు మీద పెట్టి బలంగా నూకింది. రమ తూలి లోపలికి పోయి, మంచం పట్టె పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత ఎంకమ్మ గడప దాటింది.